జయజీవితం మీద సాక్ష్యం చెప్పమన్నారు, నా దగ్గర ఏం జయం ఉందని చెప్పాలి?

టంగుటూరు కోడలు:

అందరికీ వందనాలు. ఇన్నాళ్ళూ ఈడ గ్రూపులో మీరందరూ రాసేవి చదువుకోవడమే గానీ నేనెప్పుడూ రాయలా, ఇప్పుడు అడక్క తప్పట్లేదు. వచ్చే ఆదివారం మా సంఘంలో స్త్రీల సమాజం ఆరాధన, ఆ రోజు వాక్యం ఒక్కటే పాస్టరు అయ్యగారు చెప్తారు, పాటలు ప్రార్థనలు సాక్ష్యాలు కానుక పట్టడం అంతా ఆడోళ్ళమే చూసుకుంటాం. ఈ ఏడు అంశం జయజీవితం అంట. నిన్న సాయంత్రం అయ్యగారి భార్య, అదే మా అమ్మగారు, ఇంటికొచ్చి నువ్వు స్కూల్లో పిల్లలకు చెప్తావు, భయం లేకుండా మాట్లాడతావు, నువ్వొక ఐదు నిమిషాలు సాక్ష్యం చెప్పాలమ్మా అన్నారు. సరే అమ్మగారూ అనేశా. ఆమె అట్టా గేటు దాటిందో లేదో నాకు గుండెల్లో రాయి పడ్డది.

మా సంగతి చెప్తా. మా ఆయన కౌలుకి తీసుకొని పొగాకు వేస్తాడు, ఆకు కాల్చే బ్యారన్ కూడా అద్దెదే. కౌలు పెరిగింది, కట్టెలు పెరిగినాయి, కూలి పెరిగింది, ఆకేమో ఈసారి మా చేలో సరిగ్గా రాలా, మొన్న వేలం ఫ్లోర్‌కి తోలిన బేళ్ళలో సగానికి పైన ఎవరూ పాడక నోబిడ్ అయ్యి మళ్ళీ ట్రాక్టరెక్కి ఇంటికొచ్చినాయి. బ్యాంకు లోను కాక బయట ఫైనాన్స్‌లో తెచ్చింది వేరే ఉంది. ఆ ఫైనాన్స్ ఆయన ఇంటికి రాడు, ఫోన్ చేస్తాడు, అదీ సరిగ్గా రాత్రి మేం కంచాల ముందు కూర్చునే టైముకి. మా ఆయన ఫోన్ బోర్లించి పెట్టి తింటాడు, అది కంచం పక్కన గుర్రుమంటా నేల మీద కొంచెం కొంచెం జరుగుతా ఉంటది, మా చిన్నోడు దాన్నే చూస్తా ముద్ద నోట్లో పెట్టుకోడు.

ఇదొక ఎత్తు. ఇంకోటి చెప్పాలంటేనే సిగ్గుగా ఉంది. మా బావగారోళ్ళు ఇల్లు కట్టేటప్పుడు నా నాలుగు సవర్ల గొలుసు తాకట్టు పెట్టుకున్నారు, ఆరు నెలల్లో విడిపించి ఇస్తామని. ఇల్లయింది, గృహప్రవేశ కూడిక అయింది, బిరియానీలు అయినాయి, గొలుసు రాలా. మా తోటికోడలు గుడిలో నాకు రెండు వరసల ముందు కూర్చుంటది. చేతులకి కొత్త గాజులు. చప్పట్లు కొట్టి పాడతా ఉంటే ఆ గాజులు గలగలమంటాయి, నా నోట్లో పాట నోట్లోనే ఉంటది, నా లెక్కంతా అవి ఎన్ని సవర్లు ఉంటాయా అని. రొట్టె, ద్రాక్షరసం తీసుకునే బల్లారాధన రోజు కూడా ఇదే.

మా సంఘంలో సాక్ష్యాలన్నీ ఒకే మాదిరి ఉంటాయి. కష్టం వచ్చింది, ప్రార్థన చేశాం, కష్టం పోయింది, దేవునికి మహిమ. నాది అట్టా లేదు. ప్రార్థన చేస్తానే ఉన్నా, ఏదీ పోలా. అసలు జయం అంటే ఏంది? మనసులో ఇంత కసి పెట్టుకొని మైకు ముందు నిలబడొచ్చా? లేకపోతే ఒంట్లో బాలేదని చెప్పి ఆ ఆదివారం మా అమ్మోళ్ళింటికి పోవడం మేలా? తెలిసినోళ్ళు చెప్పండి.

విశ్వాసవీరుడు:

ప్రైజ్ ద లార్డ్ సిస్టర్. సాతాను మీ నోరు మూయించాలని చూస్తన్నాడు, అంతే, ఇంకేం లేదు. సాక్ష్యం మానొద్దు. ఇప్పుడే ఉపవాస ప్రార్థన మొదలుపెట్టండి, మూడు రోజులు పచ్చి గంగ కూడా ముట్టకుండా చేయండి. ఆదివారం మైకు తీసుకొని మా అప్పు తీరిపోయింది అని విశ్వాసంతో ముందే చెప్పేయండి. లోకమును జయించిన విజయము మన విశ్వాసమే అని 1 యోహాను 5:4లో స్పష్టంగా ఉంది కదా. కనపడేదాన్ని చూడొద్దు, వాగ్దానాన్ని చూడండి. మా సంఘంలో ఒక సిస్టర్ ఇట్టాగే చెప్పింది, నెల తిరక్కముందే స్థలం అమ్ముడుపోయింది, మొత్తం కట్టేశారు. ఆమెన్ అని టైప్ చేయండి.

కావలి పెద్దాయన:

ఏం నాయనా విశ్వాసవీరుడా, తీరని అప్పు తీరిందని ఆ బిడ్డ చేత మైకులో చెప్పిస్తావా? ఆ ఫైనాన్స్ ఆయనకి తెలిసినోడు ఒకడు గుళ్ళో వెనకాల కూర్చోని ఉంటే సోమవారం పొద్దన్నే ఇంటి ముందర ఉంటాడు, తీరిపోయిందంటనే ఎవురికి కట్టినారు అని. నవ్వులాటకి అంటుండాననుకోబాక, అబద్ధం చెప్పి దేవునికి మహిమ తెచ్చేది యాడా లేదు. మూడు రోజులు మంచినీళ్ళు కూడా లేకుండానా, అదీ ఎండల్లో, మన పక్క ఎండల సంగతి నీకు తెలవదా? ఆమె స్కూలుకి పోవాల, బిడ్డలకి వండాల.

అమ్మాయ్, నేను ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరైనోణ్ణి. హైవే మీద ఏ ఆటో వెనకాల చూసినా ఫిలిప్పీ 4:13 ఉంటది, నన్ను బలపరచువానియందే నేను సమస్తమును చేయగలను అని. మంచిదే. నా బండిలో కూడా ఉండేది. కానీ దానికి ముందు 11, 12 వచనాలు ఎవురూ స్టిక్కరు వేయించరు చూడు. ఆకలిగొని ఉండేదానికి కూడా నేర్చుకున్నా, లేమిలో ఉండేదానికి కూడా నేర్చుకున్నా అంటాడు పౌలు ఆడ. రాసింది యాడ నుంచి, బంధకాల్లో నుంచి. జైలు తలుపు తెరుచుకున్నాక రాసిన సాక్ష్యం కాదది. నేర్చుకున్నా అన్నాడంటే ఒక్కరోజులో వచ్చింది కూడా కాదు, ఆయనకే టైము పట్టింది.

ఇంకో మాట. మీ అమ్మోళ్ళింటికి పోతే పో, అలసిపోయి ఉండావు, రెండు రోజులు ఉండి రా. కానీ ఒంట్లో బాలేదని మాత్రం చెప్పబాక.

విశ్వాసవీరుడు:

పెద్దాయనా మీరు విశ్వాసాన్ని ఎగతాళి చేస్తన్నారు.

కావలి పెద్దాయన:

విశ్వాసాన్ని కాదు నాయనా, నిన్ను.

నైట్ డ్యూటీ అక్క, ఒంగోలు:

చెల్లీ, నీ పోస్టు డ్యూటీకి వచ్చేటప్పుడు ఆటోలో చదివా, అప్పటినుంచి బుర్రలో అదే తిరగతా ఉంది. నేను స్టాఫ్ నర్సుని. నీ గాజుల సంగతి చదివి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది, ఎందుకంటే గుడిలో పక్కనోళ్ళ చీర అంచు చూడని ఆడది ఉంటే నాకు చూపించండి, నేను దణ్ణం పెడతా.

జయం అంటే ఏందని అడిగావు కదా, నాకు తెలిసింది చెప్తా, బోధ కాదు. మా వార్డులో రాత్రి రెండింటప్పుడు ఒక పేషెంటు తాలూకా ఆయన తాగొచ్చి నా మీద నోటికొచ్చింది వాగాడు, కులం పేరు కూడా తీశాడు. ఆయన తమ్ముడు బెడ్ మీద ఉన్నాడు, సెలైన్ అయిపోవచ్చింది, మార్చాలి. నేను మందుల గదిలోకి పోయి తలుపేసుకున్నా. ప్రార్థన చేశా అని గొప్పగా చెప్పను, ప్రభువా ఈ నోరు పట్టుకో అన్నా, అంతే, రెండు మాటలు. బీరువా మీద చేయి పెట్టుకొని నిలబడ్డా, చేయి వణకతానే ఉంది. తర్వాత బాటిల్ తీసుకొని పోయి మార్చి, డ్రిప్ చుక్కలు సరిచేసి, ఆయన వైపు చూడకుండా వచ్చి రిజిస్టర్‌లో రాసుకున్నా. నాకు కోపం పోలేదు చెల్లీ. ఇంటికి పోయి మా ఆయనకి చెప్పేటప్పుడు కూడా ఒళ్ళు మండతానే ఉంది. కానీ కోపం నా చేత ఏం చేయించాలనుకుందో అది చేయించలేకపోయింది. ఆ బెడ్ మీదోడికి అందాల్సింది అందింది. నేనైతే దాన్ని జయం అంటా. పొద్దున్నే సెక్యూరిటీకీ సూపరింటెండెంట్‌కీ రాసి కూడా ఇచ్చా, అది వేరే సంగతి, క్షమించడం అంటే కంప్లైంట్ ఇవ్వకపోవడం అని ఎవరన్నా చెప్తే నమ్మొద్దు.

ఎఫెసీ 4:26 చూడు, కోపపడుడి గాని పాపము చేయకుడి అని ఉంది. కోపమే రాకూడదని లేదు. నువ్వు కసి ఉందని నిన్ను నువ్వు తిట్టుకుంటన్నావు, కానీ ఇన్నాళ్ళూ అదే గుడికి పోయి అదే చాప మీద కూర్చుంటన్నావు, ఆమె పిల్లలు వస్తే అన్నం పెట్టే ఉంటావు. పెట్టావా లేదా?

గొలుసు సంగతి. అది అడగడం పాపం అనుకుంటన్నట్టున్నావు. మత్తయి 18:15లో సహోదరుడు తప్పు చేస్తే నువ్వే పోయి ఒంటరిగా ఉన్నప్పుడు అతనితో చెప్పు అని ప్రభువే అన్నాడు. లోపల లెక్కలు వేసుకోవడం కన్నా పోయి అడగడమే వాక్యానికి దగ్గర. అడిగావా ఎప్పుడన్నా నోరు తెరిచి?

టంగుటూరు కోడలు:

అక్కా పిల్లలకి పెట్టాను, ఇప్పటికీ శనివారం వస్తే మా ఇంట్లోనే తింటారు, పిల్లలేం చేశారు పాపం. గొలుసు నేను నోరు తెరిచి అడగలా. మా అత్తకి చెప్పా, ఆమె చూద్దాంలే అంది. మా ఆయన అన్నని అడగడు, ఆయనకి మొహమాటం ఎక్కువ.

పొదిలి కుర్రోడు:

నేను పుట్టుకతో క్రిస్టియన్నే గానీ ఈ మధ్య గుడికి పోవట్లేదు కాబట్టి ముందే చెప్తన్నా కోపం తెచ్చుకోవద్దు. ఈ జయజీవితం అనే మాట వింటేనే నాకు చిరాకు. సభలు పెడతారు, పెద్ద పెద్ద ఫ్లెక్సీలు, సంపాదనలో పదోవంతు దశమభాగం ఇవ్వండి మీ అప్పుల కాడి విరిగిపోద్ది అంటారు, ఇచ్చినోడి అప్పు అట్టానే ఉంటది, స్పీకర్ గారి కారు మారుద్ది. మా నాన్న కనిగిరి దగ్గర ఒక సభలో చేతి ఉంగరం తీసి ఇచ్చాడు. మళ్ళీ అడిగితే నీ విశ్వాసం తక్కువ అంటారు. నర్సు అక్క చెప్పింది బానే ఉంది గానీ అది ఎవరైనా చేసేదే కదా, హిందువుల్లో లేరా ఓర్చుకునేవాళ్ళు, దానికి దేవుడు ఎందుకు అని నా డౌటు. సీరియస్‌గానే అడుగుతన్నా.

నైట్ డ్యూటీ అక్క, ఒంగోలు:

ఎవరైనా చేయొచ్చు తమ్ముడూ, నేను కాదన్లేదు. నా సంగతి నాకు తెలుసు కాబట్టి చెప్తన్నా, నాకు ఆ రాత్రి నా అంతట నాకు వచ్చేది ఓర్పు కాదు, ట్రే తీసుకొని మొహాన కొట్టడం. మా అమ్మని అడుగు.

రిటైర్డ్ మాస్టారు, ఒంగోలు:

అందరూ మనసుల గురించే మాట్లాడతన్నారు, నేను కొంచెం మన ఊరి సంగతి చెప్తాను, సండే స్కూల్లో పిల్లలకి ఏటా చెప్పేదే, విసుగొస్తే దాటేయండి.

అమెరికన్ బాప్టిస్టు మిషన్ తరఫున శామ్యూల్ డే దొర నెల్లూరు వచ్చింది 1840లో. ఏళ్ళు గడిచినా చెప్పుకోడానికి పెద్దగా ఏమీ లేదు, వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది విశ్వాసులు. ఎంతవరకూ వచ్చిందంటే 1853లో అమెరికాలో మిషన్ పెద్దలు కూర్చొని ఈ తెలుగు మిషన్ మూసేద్దామా అని చర్చ పెట్టారు. మ్యాపులో ఒంటరి చుక్కలాగా నెల్లూరు ఒక్కటే ఉంది, దానికే లోన్ స్టార్ అని పేరొచ్చింది. అట్టాంటి టైములో 1854 జనవరి 1న తెల్లవారకముందు ఆ మిషన్‌లోనే ఉన్న జూయెట్ దొర, దొరసాని, ఇంకో ముగ్గురు తెలుగు విశ్వాసులు, మొత్తం ఐదుగురు ఒంగోలు పక్కనున్న కొండెక్కి ప్రార్థన చేశారు, ఈ ఊరికి ఒక మనిషిని పంపమని. మనం ప్రార్థన కొండ అనేది దాన్నే. కోడలు పిల్లా, ఇక్కడ ఆగి చూడమ్మా. జనవరి 2న ఏమైంది? ఏమీ కాలేదు. మిషనరీ క్లౌ దొర వచ్చి ఒంగోల్లో కాపురం పెట్టింది 1866లో. మధ్యలో పన్నెండేళ్ళు. ఆ పన్నెండేళ్ళలో ఎప్పుడన్నా ఆ ఐదుగురిలో ఒకర్ని మైకు ముందు నిలబెట్టి మీ జయం ఏంది చెప్పండి అంటే ఏం చెప్పుండేవాళ్ళు? ఎక్కాం, అడిగాం, దిగాం, అంతే కదా.

అయితే విశ్వాసవీరుడి లాంటి వాళ్ళకి ఇంకొకటి కూడా చెప్పాలి. 1876 నుంచి 78 దాకా పెద్ద కరవు. ఈ జిల్లాలో జనం పిట్టల్లా రాలిపోయారు. క్లౌ దొర ఉపవాసం చేయండి అని చెప్పి ఊరుకోలేదు, వాళ్ళప్పటికే ఉపవాసంలోనే ఉన్నారు. ఆయనకి సర్వే పని తెలుసు, బకింగ్‌హాం కాలువ తవ్వే పనిలో మూడున్నర మైళ్ళు కాంట్రాక్టు తీసుకున్నాడు, పార గంప పట్టుకున్నోళ్ళకి కూలి ఇప్పించాడు, పని మీద బోధకుల్నే మేస్త్రీలుగా పెట్టాడు. సాయంత్రం పని ఆగాక వాక్యం. ఇంకా గొప్ప సంగతి, నాకైతే అదే గొప్ప, ఆ కరవులో దాదాపు 15 నెలలు బాప్తిస్మాలు ఇవ్వడం ఆపేశాడు, కూటికోసం వచ్చారనే మాట రాకూడదని. కరవు తగ్గి గింజలు వచ్చాకా జనం మాకు ఇప్పుడు డబ్బులొద్దు బాప్తిస్మం కావాలని వచ్చి కూర్చున్నారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది. ఈ అంకె అందరికీ నోటికొచ్చు. కాలువ సంగతి చాలామందికి తెలియదు, నాకు అదే బాధ.

రోమా 8లో అత్యధిక విజయము అనే మాటకి ముందు ఒక వరస ఉంది చూడండి, శ్రమ, బాధ, హింస, కరవు, వస్త్రహీనత... కరవు కూడా ఆ వరసలో రాశాడు. మన ముత్తాతలు ఆ మాట చదివేటప్పుడు వాళ్ళకి అది కడుపులో తెలుసు. పొదిలి బాబూ, మీ నాన్నగారి ఉంగరం తీసుకున్నోళ్ళకీ ఆ కాలువ గట్టు మీద కూలి పంచినోళ్ళకీ ఒకే పేరు పెట్టి రెండిటినీ ఒకే గాటన కట్టొద్దు. ఒకరు కరవులో ఉన్నోడి చేతిలోంచి తీసుకున్నారు, ఒకరు పెట్టారు.

పొదిలి కుర్రోడు:

మాస్టారూ కాలువ సంగతి నిజంగా నాకు తెలియదు. మా నాయనమ్మోళ్ళ పెద్దోళ్ళు కాలువ పనికి పోయారని ఇంట్లో అనుకునేవాళ్ళు, ఇదేనేమో. ఉంగరం గురించి మాత్రం నా కోపం పోలా.

రిటైర్డ్ మాస్టారు, ఒంగోలు:

పోవద్దులే. దాన్ని జాగ్రత్తగా ఉంచుకో, పనికొస్తది.

సింగరాయకొండ పాస్టరమ్మ:

వందనాలమ్మా. మాది చిన్న సంఘం, ఆయన వాక్యం చెప్తారు, నేను మిగతాదంతా చూస్తా, స్త్రీల కూడికలు నావే. నీలాగా సరే అమ్మగారూ అని చెప్పి రాత్రంతా నిద్రపోని పిల్లల్ని చాలామందిని చూశా, కాబట్టి కొంచెం చనువుగా చెప్తా, ఏమనుకోవద్దు.

ముందు ఒక జాగ్రత్త. నువ్వు ఏం చెప్పినా సరే తోటికోడలు, గొలుసు, గాజులు ఈ మూడూ మైకులో రాకూడదు. పేరు చెప్పకుండా మా బంధువుల్లో ఒకరు అన్నా కూడా గుడి మొత్తం తల అటు తిప్పుద్ది, పల్లెటూళ్ళో ఎవరి గొలుసు ఎవరి దగ్గరుందో అందరికీ తెలుసు. సాక్ష్యం పేరుతో సాధింపులు నేను బోలెడు చూశా. ఒకామె అత్తని క్షమించానని కన్నీళ్ళతో సాక్ష్యం చెప్పింది, చెప్పిన తీరుకి ఆ అత్త మళ్ళీ గుడి గడప తొక్కలేదు. క్షమించానని పదిమందిలో చెప్పడం కూడా ఒక్కోసారి దెబ్బే. ఆ సంగతి నర్సమ్మ చెప్పినట్టు నీకూ ఆమెకీ మధ్యన, ఇంట్లో, ఒక మధ్యాహ్నం పూట, మగోళ్ళు లేనప్పుడు. పోయేటప్పుడు లెక్క చెప్పడానికి కాదు, మాకు ఇప్పుడు ఇబ్బందిగా ఉంది అక్కా, గొలుసు ఉంటే బ్యాంకులో పెట్టుకుంటాం అని అడుగు. కాదంటే కాదంటది. నువ్వు అడిగావు అన్నది నీకు ఉంటది.

ఇక సాక్ష్యం. తీరినవే చెప్పాలని మనమే అలవాటు చేసుకున్నాం, మా తప్పు కూడా ఉంది అందులో, అయిపోయిన కథలైతే చప్పట్లు వస్తాయని అట్టాంటోళ్ళనే పిలుస్తాం. కీర్తనలు తీసి చూడు, బోలెడు కీర్తనలు ఇంకా తీరని కష్టంలోంచి అరిచినవే, దావీదు ఎన్నాళ్ళు నన్ను మర్చిపోతావు అని దేవుణ్ణే నిలదీశాడు. వాటిని మనం గుడిలో చదవట్లేదా? నువ్వూ అట్టానే చెప్పొచ్చు. మాకు అప్పు ఉంది, ఇంకా తీరలేదు, నాకు భయంగా ఉంది, ఫలానా రోజు ఈ మాట నన్ను నిలబెట్టింది, మా కోసం ప్రార్థన చేయండి. ఇంతే. ఐదు నిమిషాలు కూడా పట్టదు. చెప్పి దిగిపో, చివర్న కట్టుకథ అతికించొద్దు.

అమాలేకీయుల యుద్ధం తెలుసు కదా నీకు, సండే స్కూల్లో చెప్పుంటావు. మోషే చేతులు ఎత్తినంతసేపు ఇశ్రాయేలు గెలిచింది, చేతులు దించితే ఓడిపోయింది. చేతులు బరువెక్కినాయి. మోషేకే బరువెక్కినాయి చూడు. అప్పుడు అహరోను, హూరు ఒక రాయి తెచ్చి కూర్చోబెట్టి చెరొక చేయి పట్టుకున్నారు. నీ చేతులు ఎంత బరువెక్కినాయో నీ సంఘానికి తెలియనియ్యకుండా నువ్వు నిలబడి నవ్వతా ఉంటే రాయి ఎవరు తెస్తారు? నీకు చెప్పాలని లేకపోతే కూడా పాపం ఏం లేదు, అమ్మగారికి నేరుగా చెప్పు, నా వల్ల కాదండీ అని. ఆమె ఏమీ అనుకోదు, వేరే పేరు రాసుకుంటది, మేం చివరి నిమిషంలో పేర్లు మార్చడం మామూలే.

విశ్వాసవీరుడు:

పాస్టరమ్మ గారూ వందనాలు. తీరిపోయింది అని చెప్పొద్దు అంటే సరే, అది నేను వాపసు తీసుకుంటా. కానీ ఉపవాసం మాత్రం మానొద్దు సిస్టర్. నేను అప్పుల్లో ఉన్నప్పుడు నాకు మతి చెడకుండా కాపాడింది అదే. ఒక్క పూట చేయండి, నీళ్ళు తాగండి. నేను కూడా మీ కోసం శుక్రవారం చేస్తా.

కావలి పెద్దాయన:

ఇదిగో, ఇప్పుడు మాట్లాడినావు మనిషి మాదిరి. నేను కూడా శుక్రవారం చేస్తా అబ్బయ్యా, షుగరు ఉండాది కాబట్టి మధ్యాహ్నం దాకానే.

కొండపి బ్యారన్ అన్న:

చెల్లెమ్మా, వాక్యం చెప్పే అంత వాణ్ణి కాదు, నేనూ పొగాకు రైతునే కాబట్టి రాస్తన్నా. ముందు ఫైనాన్స్ సంగతి చెప్తా, ఎవరూ దాని గురించి మాట్లాడట్లేదు. రిజిస్టరు అయిన ఫైనాన్స్ కంపెనీ అయితే రికవరీ వాళ్ళు పొద్దున 8 లోపు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదని 2022లోనే రిజర్వు బ్యాంకు చెప్పింది, అన్నం టైముకి చేస్తే ఆ మాట ఆయనకి చెప్పండి, చేసిన టైము ఒక నోటుబుక్కులో రాసిపెట్టండి. ఊళ్ళో వడ్డీకి ఇచ్చే మనిషి అయితే ఈ రూలు పనికిరాదు, అక్కడ చూసుకోవాల్సింది కాగితాలు. ప్రాంసరీ నోటు మీద అంకె వేసి ఇచ్చారా, ఖాళీగా సంతకం పెట్టి ఇచ్చారా? చెక్కులు ఇచ్చారా, ఎన్ని, నంబర్లు ఏంటి? నోటుకి మామూలుగా మూడేళ్ళు గడువు, మధ్యలో ఎంతో కొంత కట్టి నోటు వెనక చెల్లు రాసి సంతకం పెడితే ఆ రోజు నుంచి మళ్ళీ మూడేళ్ళు. చాలామంది కట్టింది చెల్లు వేయించుకోరు, నమ్మకం మీద ఇచ్చేసి వస్తారు, అది మాత్రం చేయొద్దు. కట్టిన ప్రతి రూపాయి రాయించుకోవాలి. అది నమ్మకం లేకపోవడం ఏం కాదు.

రెండోది మీ ఆయన. ఫోన్ బోర్లించి అన్నం తింటన్నాడు అని రాశావే, నేను దాని దగ్గరే ఆగిపోయా. ఆయనకి మొహమాటం అని రాశావు గానీ అది భయం అమ్మా, మాకు తెలుసు. ఆడోళ్ళకి స్త్రీల సమాజం ఉంది, చెప్పుకోడానికి అమ్మగారు ఉంది, మాకు పొగాకు రైతులకి ఉండేది బ్యారన్ దగ్గర నలుగురు, ఆ నలుగురిలో కూడా నాకు ఇంత అప్పు ఉంది అని ఎవడూ నోరు తెరవడు, ధరల గురించి మాట్లాడతారు, గవర్నమెంటుని తిడతారు, టీ తాగి పోతారు. నోబిడ్ చీటీ పడ్డ బేలు పక్కన నిలబడ్డ మనిషి మొహం చూస్తే తెలిసిపోద్ది, తెలిసినా మేం పలకరించం.

నాకు ప్రార్థన వచ్చింది బ్యారన్ దగ్గరే, గుడిలో కాదు. ఆకు కాల్చేటప్పుడు రాత్రంతా మేలుకోవాలి కదా, కట్టె ఎగేస్తా థర్మామీటరు చూస్తా. కొత్తలో నాకు తొందర, వేడి ఒక్కసారి పెంచేవాణ్ణి, మా నాయన తిట్టేవాడు, ఆకు పసుపు తిరక్కముందు వేడి ఎక్కిస్తే పచ్చ పచ్చగానే బిగుసుకుపోద్దిరా, తర్వాత ఎంత కాల్చినా రంగు రాదు అని. నువ్వు నీ కసి మీద చేస్తంది అదే అనిపిస్తా ఉంది నాకు, ఆదివారం లోపల పోవాలని వేడి పెంచుతన్నావు. పోనీలే, ఆదివారానికి పోకపోతే పోలా.

టంగుటూరు కోడలు:

అందరివీ చదివా, కొన్ని రెండుసార్లు చదివా. బ్యారన్ అన్న రాసింది మా ఆయనకి చదివి వినిపించా. మొదట మన సంగతులు ఆడ ఎందుకు రాశావు అని కోప్పడ్డాడు, లేచి బయటికి పోయాడు. కాసేపాగి వచ్చి చెక్కులు మూడు ఇచ్చా, నోటు ఖాళీదే అన్నాడు. ఇంతవరకూ నాకు తెలియదు ఈ సంగతి. ఇద్దరం కూర్చొని నోటుబుక్కులో రాశాం, చెక్కు పుస్తకం అడుగు కాగితాలు చూసి నంబర్లు కూడా. అంతా కూడితే నేను అనుకున్నదానికన్నా ఎక్కువే వచ్చింది. ఏడుపొచ్చింది గానీ అంకె తెలిసింది కదా అని ఏదో తేలిగ్గా కూడా ఉంది, రెండూ ఒకేసారి ఎట్టా ఉంటాయో నాకు తెలియదు. రాత్రి ఫోన్ వస్తే ఆయనే ఎత్తి పొద్దున మాట్లాడతానన్నా అని పెట్టేశాడు.

మా తోటికోడలి దగ్గరికి ఇంకా పోలా. పోవాలనే ఉంది, రేపు కాదు. ఈ ఆదివారం లోపల కూడా కాదు, సాక్ష్యం కోసం పోయినట్టు ఉండకూడదు.

అమ్మగారికి చెప్పా, సాక్ష్యం చెప్తాను గానీ తీరిపోయిన కథ నా దగ్గర లేదండీ అని. ఆమె నా మొహం చూసి నవ్వి నా దగ్గర కూడా లేదమ్మా, చెప్పు అంది. రెండు నిమిషాలే చెప్తా. మాకు అప్పు ఉంది, మా ఆయనా నేనూ కూర్చొని లెక్క రాసుకున్నాం, రాసేముందు ప్రార్థన చేసుకున్నాం, మా పెళ్ళయ్యాక ఇద్దరం కలిసి ఇట్టా చేయడం ఎప్పుడూ లేదు, మా కోసం ప్రార్థన చేయండి, మాలాంటోళ్ళు ఈ గుడిలో ఇంకా ఉంటే వాళ్ళ కోసం కూడా. దీంట్లో ఏమన్నా తప్పు ఉందా పాస్టరమ్మ గారూ?

సింగరాయకొండ పాస్టరమ్మ:

తప్పేం లేదు. ఆఖర్లో మాలాంటోళ్ళు అన్నప్పుడు కొంచెం ఆగు. వెంటనే కూర్చోవద్దు. ఆ రోజు ఆరాధన అయ్యాక ఒకరిద్దరు నీ దగ్గరికి వస్తారు, చెప్పుల దగ్గరో పంపు దగ్గరో ఆపుతారు. ఇంటికి పోయే తొందర పెట్టుకోవద్దు.

కొండపి బ్యారన్ అన్న:

ఖాళీ నోటు అంటే కొంచెం ఆలోచించాలి. నాకు తెలిసిన లాయరు ఒకాయన ఒంగోల్లో ఉన్నాడు, మన గుడి మనిషే, ఫీజు తర్వాత చూసుకుందాం. సోమవారం నా బేళ్ళు ఫ్లోర్‌లో ఉన్నాయి, పొద్దున్నే బయల్దేరతా, ట్రాక్టరు వెనక బైకు మీద. మీ ఆయన్ని టంగుటూరు హైవే దగ్గర ఉండమను, ఎక్కించుకుంటా, మధ్యాహ్నం అటునుంచి అటు ఒంగోలు పోయి ఆయన్ని కలిసొస్తాం. ఆ నోటుబుక్కు, బ్యాంకు పాస్‌బుక్కు తెమ్మను. అన్నం తిని రమ్మను, ఫ్లోర్ దగ్గర టీ తప్ప ఏం దొరకదు.